చివరి రోజుల గురించి ముందే మాట్లాడుకుందాం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్‌ని కాదు, లాయర్‌ని కాదు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లే నర్సుల వెంట ఏడేళ్లుగా సాయంగా తిరుగుతున్నాను. పెన్షనర్ల సంఘాల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, గుడి మండపాల్లో కూర్చుని ఈ విషయాలు మాట్లాడుతుంటాను. మీటింగ్ జరుగుతున్నంతసేపు ఎవరూ ఏమీ అడగరు. అయిపోయాక, చెప్పులు వేసుకునే చోట ఒక్కొక్కరే పక్కకు వచ్చి మెల్లగా అడుగుతారు. ఆ ప్రశ్నలే ఇవి.

ఇలాంటివి మాట్లాడితే అపశకునం కాదా? తథాస్తు దేవతలు ఉంటారంటారు కదా?

మా ఇంట్లోనూ ఇదే మాట వింటూ పెరిగాను. కానీ ఒక్కటి గమనించండి. దర్శనం అయ్యాక గుడి మెట్ల మీద కాసేపు కూర్చుంటాం. అప్పుడు మన పెద్దవాళ్లు చదువుకునే శ్లోకంలో మొట్టమొదట అడిగేది అనాయాస మరణం. ఎవరి మీదా ఆధారపడని బతుకు కావాలని అడిగేది ఆ తర్వాతే. దేవుడి ముందు వారం వారం అడుగుతున్న మాటే ఇది. పిల్లల ముందు అనడానికే నోరు రావడం లేదు. ఎల్‌ఐసీ పాలసీ తీసుకున్న రోజు నామినీ పేరు రాశాం, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇదీ అంతే.

నాకింకా ఆరోగ్యం బాగానే ఉంది. ఇప్పుడే ఎందుకు?

బాగున్నప్పుడే కాబట్టి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

మా నాన్న 19 రోజులు ఐసీయూలో ఉన్నారు. గొట్టం లాగేసుకుంటున్నారని రెండు చేతులూ గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టారు. రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు లోపలికి పంపేవారు. గుడ్డ ఒరుసుకుని మణికట్టు ఎర్రగా కందిపోయింది. ఆ ముడి కాస్త వదులు చేద్దామని వేలు పెడితే, ఆయన నా వేలు పట్టుకుని వదల్లేదు. బయట స్టీలు కుర్చీల్లో ముగ్గురం కూర్చునేవాళ్లం. ఆపేయమని అనడానికి అన్నయ్యకు ధైర్యం చాలలేదు. కొనసాగించమని అనడానికి చెల్లికి మనసు ఒప్పలేదు. నాన్నకు ఏది ఇష్టమో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. పెళ్లిచూపుల్లో టిఫిన్ ఏం పెట్టాలో కూడా ఆయన్నే అడిగే మేము, ఈ ఒక్కటీ ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయాక అన్నయ్యా నేనూ రెండేళ్లు సరిగా మాట్లాడుకోలేదు.

నాన్న ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆయన బతికేవారని కాదు. మాకు ఆ నేరభావం ఉండేది కాదు.

అమ్మానాన్నల దగ్గర ఈ మాట ఎలా ఎత్తాలి?

ఎదురుగా కూర్చోబెట్టి "నీతో ఒక విషయం మాట్లాడాలి" అని మొదలుపెట్టకండి. వాళ్లు బెదిరిపోతారు, లేదా ఆస్తి పంపకాల గురించేమో అనుకుంటారు. ఎవరినో పరామర్శించి వస్తున్నప్పుడు, కారులోనో బస్సులోనో, మాట దానంతట అదే వస్తుంది. "పాపం, నెల రోజులు వెంటిలేటర్ మీద ఉంచారట. నువ్వైతే ఏమంటావమ్మా?" అని అడిగి ఊరుకోండి. ఇక్కడ ఊరుకోవడమే కష్టం. మనం వెంటనే "నీకేం కాదులే" అనేస్తాం. ఆ మాట ప్రేమతో అన్నదే, కానీ దాంతో అమ్మ నోరు మూసినట్టవుతుంది.

చాలామంది పెద్దవాళ్లు నిజానికి చెప్పడానికి సిద్ధంగానే ఉంటారు. "నన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి", "నాకు పెట్టే డబ్బు పిల్ల చదువుకు పెట్టండి", "మీ చేతుల్లో పోవాలి". ఇలాంటివి ఎన్నిసార్లు విని ఉంటారో గుర్తు చేసుకోండి. అవి ఊరికే అన్నవి కావు. ఈసారి అన్నప్పుడు కొట్టిపారేయకుండా "ఆసుపత్రి వద్దంటే ఏది వద్దు? సెలైన్ కూడా వద్దా? ఐసీయూ వద్దా?" అని విడమరిచి అడగండి.

ఒక్కరోజులో తేలాలని లేదు. మొదటిసారి కోప్పడవచ్చు. నెల తర్వాత మళ్లీ అడగండి.

నాన్నకు క్యాన్సర్ అని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. చెప్పాలా?

నేను చూసిన ఇళ్లలో ఎక్కువసార్లు రోగికి తెలుసు. భార్యాబిడ్డలు బాధపడతారని ఆయన తెలియనట్టు ఉంటాడు. ఆయన బాధపడతాడని వాళ్లూ తెలియనట్టు ఉంటారు. ఒకే ఇంట్లో ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఏడుస్తుంటారు.

అన్నీ ఒకేసారి చెప్పనక్కర్లేదు. "డాక్టరు ఏమన్నారో నీకు తెలుసుకోవాలనుందా, లేక మమ్మల్నే చూసుకోమంటావా?" అని అడగండి. వద్దంటే ఆ ఇష్టాన్ని గౌరవించండి. తెలుసుకోవాలంటే మాత్రం దాచకండి. చూడాలనుకున్న మనుషులు, తీర్చాలనుకున్న బాకీ, వెళ్లాలనుకున్న ఊరు ఏమున్నాయో ఆయనకు మాత్రమే తెలుసు.

పాలియేటివ్ కేర్ అంటే "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనడమేనా?

కాదు. ఆ మాట అన్న తర్వాత కూడా చేయాల్సింది బోలెడుందని చెప్పేదే పాలియేటివ్ కేర్. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్ర పట్టకపోవడం, భయం, ఇంట్లోవాళ్ల అలసట, ఇవన్నీ చూస్తారు. జబ్బు ముదిరాకే మొదలుపెట్టాలని లేదు, మామూలు వైద్యంతో పాటే నడుస్తుంది. క్యాన్సర్‌కే అనుకోవద్దు. గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు ముదిరినవాళ్లకు, పక్షవాతం, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు కూడా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ సేవ అవసరమైనవాళ్లలో నూటికి 14 మందికే అందుతోంది.

మన దేశంలో దీనికి దారి చూపింది కేరళ. అక్కడ ఊరివాళ్లే వాలంటీర్లుగా మారి మంచాన పడ్డవాళ్లను చూసుకుంటారు. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ 2003లో తిరువనంతపురంలో పాలియం ఇండియా అనే సేవాసంస్థను మొదలుపెట్టారు. మన దగ్గర హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు ఉన్నాయి. 'ఆలన' పేరుతో ఇళ్లకు వచ్చే వాహనాలు వాటివే. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఆంధ్రలో అయితే జిల్లా ఆసుపత్రిలో, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో నొప్పి నివారణ విభాగం గురించి వాకబు చేయండి. వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

మార్ఫిన్ ఇస్తే అలవాటు పడిపోతారని, తొందరగా పోతారని అంటారు?

నొప్పికి, సరిపడా మోతాదులో, డాక్టరు చూస్తూ ఇస్తే వ్యసనం అవుతుందన్నది ఉత్త భయం. చావును తొందరపెట్టదు కూడా. తప్పకుండా వచ్చే ఇబ్బంది మలబద్ధకం. కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. ఒకప్పుడు ఈ మాత్రలు తెప్పించాలంటే ఆసుపత్రులు నాలుగైదు లైసెన్సుల కోసం తిరగాల్సి వచ్చేది. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి. రాత్రంతా మూలిగిన మనిషి మాత్ర వేసుకున్నాక నిద్రపోయి, పొద్దున్నే కాఫీ అడగడం నేను కళ్లారా చూశాను.

ఐసీయూలో వెంటిలేటర్, సీపీఆర్ అంటే అసలు ఏం చేస్తారు?

వెంటిలేటర్ అంటే నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి ఆడించడం. గొట్టం ఉన్నంతకాలం మాట ఉండదు, చాలాసార్లు మత్తులో ఉంచాల్సి వస్తుంది. సీపీఆర్ అంటే ఆగిన గుండెను మళ్లీ కొట్టించడానికి ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం. వయసు మళ్లినవాళ్లకు పక్కటెముకలు విరగవచ్చు.

ఇవి చెడ్డవి అని నేను అనను. నిమోనియా వచ్చిన నలభై ఏళ్ల మనిషికి నాలుగు రోజుల వెంటిలేటర్ ప్రాణం పోయవచ్చు. ఉన్నట్టుండి గుండె ఆగిన మనిషికి సీపీఆర్ వెంటనే చేయాల్సిందే, అందరూ నేర్చుకోవాల్సిందే. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌తో చివరి వారంలో ఉన్న మనిషికి మాత్రం అదే పని ఉపయోగపడే అవకాశం చాలా తక్కువ. కాబట్టి డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న "వెంటిలేటర్ పెడతారా, పెట్టరా" అని కాదు. "పెడితే ఈయన మళ్లీ లేచి మాట్లాడే స్థితికి వస్తారా? ఎన్ని రోజులు చూసి, రాకపోతే ఏం చేద్దాం?" అని అడగండి. కొన్నాళ్లు పెట్టి చూసి, గుణం లేకపోతే ఆపేలా ముందే అనుకోవచ్చు. సీపీఆర్ వద్దన్న నిర్ణయం ఎలా తీసుకోవాలో డాక్టర్ల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది.

లివింగ్ విల్, వీలునామా ఒకటేనా?

కాదు. వీలునామా ఆస్తి గురించి, మనం పోయాక అమలవుతుంది. లివింగ్ విల్ మన వైద్యం గురించి. బతికుండగానే, మనం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు అమలవుతుంది. మానసిక ఆరోగ్య చట్టం, 2017 కింద రాసే ముందస్తు పత్రం ఇంకొకటి, అది మానసిక జబ్బుల వైద్యానికే.

చట్టం ఒప్పుకుంటుందా? ఇది ఆత్మహత్య కిందికి రాదా?

రాదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో తీర్పు ఇచ్చింది. గౌరవంగా చనిపోయే హక్కు, జీవించే హక్కును ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని, లివింగ్ విల్ చెల్లుతుందని చెప్పింది. అప్పుడు పెట్టిన పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023 జనవరి 24న దాన్ని సులభం చేసింది. నయం కాని స్థితిలో కేవలం ప్రాణాన్ని సాగదీసే యంత్రాలు వద్దనడం, ఉన్నవాటిని తీసేయడం మాత్రమే ఇందులో ఉంది. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మన దేశంలో నేరమే. నొప్పికి మందు, శుభ్రత, ఆదరణ ఎప్పుడూ ఆపరు.

లివింగ్ విల్ ఎలా రాయాలి?

18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. ఎవరి ఒత్తిడీ లేకుండా రాయాలి. ఇంగ్లీషులోనే ఉండాలని లేదు, తెలుగులో మీకు అర్థమయ్యేలా రాయండి. ఎలాంటి స్థితి వస్తే ఏ వైద్యం వద్దో స్పష్టంగా ఉండాలి. మీ తరఫున నిర్ణయం చెప్పే దగ్గరివాళ్ల పేర్లు రాయాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి. వాళ్లు బయటివాళ్లయితే మంచిది. తర్వాత నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. 2018లో మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాల్సి ఉండేది, ఇప్పుడు అక్కర్లేదు.

కాపీలు పేరు రాసినవాళ్లకు, మీ ఫ్యామిలీ డాక్టరుకు ఇవ్వండి. పంచాయతీ లేదా మున్సిపాలిటీ అధికారికి ఒక కాపీ ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆఫీసులో "ఇదేంటి?" అని అడిగితే కంగారు పడకండి. రసీదు తీసుకుని రండి.

బీరువా లాకర్లో మాత్రం పెట్టకండి. అర్ధరాత్రి అంబులెన్స్ వచ్చినప్పుడు తాళంచెవి ఎవరికీ దొరకదు.

నా తరఫున ఎవరి పేరు రాయాలి? పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు.

పెద్దకొడుకే ఉండాలని రూలేమీ లేదు. అరగంటలో ఆసుపత్రికి రాగలిగిన మనిషి, డాక్టరు ముందు నోరు పెగిలే మనిషి, తన ఇష్టం పక్కన పెట్టి మీ ఇష్టం చెప్పగల మనిషి కావాలి. అది తమ్ముడి కూతురు కావచ్చు, పక్కింటి స్నేహితుడు కావచ్చు. కాకపోతే ఆ సంగతి అమెరికా పిల్లలకు ముందే వీడియో కాల్‌లో చెప్పండి. ఆఖరి నిమిషంలో విమానం దిగినవాళ్లు "ఏదైనా చేయండి, ఎంతైనా ఖర్చు పెడతాం" అనడం ప్రతి ఆసుపత్రిలో జరిగేదే. అది వాళ్ల తప్పు కాదు. అంతదూరంలో ఉండిపోయామన్న బాధ వాళ్ల చేత అలా అనిపిస్తుంది. ముందే తెలిస్తే ఆ బాధ తగ్గుతుంది.

రాసినంత మాత్రాన ఆసుపత్రిలో ఆపేస్తారా?

వెంటనే కాదు. మీరు చెప్పలేని స్థితిలో ఉండి, జబ్బు నయం కాదని తేలాలి. వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డుగా చూస్తారు. తర్వాత రెండో బోర్డు చూస్తుంది. అందులో జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరు ఒకరు, ఇద్దరు నిపుణులు ఉంటారు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో చెప్పాలి. మీరు పేరు రాసినవాళ్ల ఒప్పుకోలు కావాలి. అమలు చేసే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేట్‌కు తెలియజేస్తుంది. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు.

అసలేమీ రాయని మనిషి విషయంలోనూ ఇంట్లోవాళ్ల ఒప్పుకోలుతో ఈ రెండు బోర్డుల దారి ఉంది. కాకపోతే అప్పుడు ఆ భారమంతా ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. అన్ని ఆసుపత్రులకూ ఈ పద్ధతి ఇంకా అలవాటు కాలేదు. అందుకే చేర్చే రోజే కాపీ చూపించి, కేస్ షీట్‌లో పెట్టమనండి.

చివరి రోజుల్లో తిండి మానేస్తే? ఆకలితో చంపుకున్నట్టు కాదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అన్నం పెట్టడమే ప్రేమ అనుకునే ఇళ్లు మనవి. కానీ చివరి రోజుల్లో తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు. పోయే సమయం వచ్చింది కాబట్టే ఒళ్లు తిండి అడగడం లేదు. బలవంతంగా పెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెలైన్ ఎక్కువ ఎక్కిస్తే కాళ్లు వాచి, ఛాతీలో నీరు చేరి ఆయాసం పెరగవచ్చు.

ఏం చేయాలంటే, తడి దూదితో నోరు తుడవండి. పెదాలకు కాస్త వెన్నో వాజిలైనో రాయండి. రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టండి. గొంతులో గురగుర శబ్దం వస్తుంటే పక్కకు తిప్పండి. వినడానికి మనకు భయంగా ఉంటుంది గానీ, ఆ స్థితిలో వాళ్లకు దానివల్ల పెద్దగా బాధ ఉండదని నర్సులు చెబుతారు. చేతులు, పాదాలు చల్లబడతాయి, ఎగశ్వాస మొదలవుతుంది, ఊపిరి మధ్యలో ఆగి మళ్లీ వస్తుంది. వినికిడి చివరిదాకా ఉండవచ్చు. కాబట్టి మంచం పక్కన ఖర్చుల లెక్కలు మాట్లాడకండి. పేరుపెట్టి పిలవండి, చెయ్యి పట్టుకోండి.

తులసి తీర్థం పోయాలనుకుంటే గొంతులో పోయకండి. మింగలేని మనిషికి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. తులసి ఆకుతో ఒక్క చుక్క పెదవికి తాకిస్తే చాలు. కిందికి దించే ఆనవాయితీ ఉన్నవాళ్లు కూడా తొందరపడకండి. నొప్పితో ఉన్న ఒంటిని ప్రాణం ఉండగా కదిలించవద్దని నేనైతే చెబుతాను.

ఇంట్లోనే పోతే కాగితాలు ఎలా?

జబ్బుతో పోతే పోలీసులతో పనిలేదు. అప్పటిదాకా చూస్తున్న డాక్టరు మరణ కారణం రాసి ఇస్తారు. ఇంట్లో జరిగితే దాన్ని ఫారం 4ఏలో రాస్తారు. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. అందుకే చివరి నెలల్లో ఒక్క డాక్టరైనా ఇంటికి వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోండి.

అవయవదానం చేయాలని ఉంది. లివింగ్ విల్‌కు అడ్డం వస్తుందా?

రావచ్చు, చాలామందికి ఇది తట్టదు. గుండె, కాలేయం, కిడ్నీలు ఇవ్వాలంటే బ్రెయిన్‌డెడ్ అని తేలాక కూడా కొన్ని గంటలు వెంటిలేటర్ మీద ఉంచాలి. మీరు వెంటిలేటర్ వద్దని రాసి ఊరుకుంటే ఇబ్బంది. "అవయవదానం కోసమైతే అంతవరకు ఉంచవచ్చు" అని ఒక వాక్యం చేర్చండి. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్నా ఆ సమయంలో ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. కాబట్టి వాళ్లకు తెలియాలి.

ఇంట్లో పోయినా కళ్లు ఇవ్వవచ్చు. షుగర్ ఉన్నా, కళ్లజోడు ఉన్నా ఫర్వాలేదు. ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఐ బ్యాంకు వాళ్లు వచ్చేదాకా రెప్పలు మూసి, మీద తడి దూది ఉంచి, తల కింద దిండు పెట్టి, ఫ్యాన్ ఆపేయండి. దేహదానం అయితే మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ముందే కాగితాలు పూర్తిచేసుకోవాలి.

చిన్నపిల్లలకు చెప్పాలా?

చెప్పాలి. "తాతయ్య ఊరెళ్లాడు", "నిద్రపోయాడు" అనకండి. కొందరు పిల్లలు ఆ తర్వాత నిద్రపోవడానికే భయపడతారు. తాతయ్యకు జబ్బు చేసి చనిపోయాడని, మళ్లీ రాడని, అది ఎవరి తప్పూ కాదని చెప్పండి. చివరి చూపుకు వస్తానంటే రానివ్వండి, వద్దంటే బలవంతపెట్టకండి.

రాసేశాక మనసు మారితే?

ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అది కూడా రాతపూర్వకంగా ఉండాలి. మాట్లాడగలిగినంతకాలం ఎలాగూ మీ నోటిమాటే చెల్లుతుంది. కాగితం మాట పోయాకే.

మా మేనత్త రాసుకున్న పత్రం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నోటరీ స్టాంపు ఉన్న కాగితానికి రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన ఒక పేజీ పిన్ను కొట్టి ఉంటుంది. "నోట్లో గొట్టాలు వద్దు. నొప్పికి మాత్రం మందు ఇప్పించండి. మంచం తులసికోట కనపడేలా వేయండి. పెద్దోణ్ణి ఏమీ అనకండి, వాడు పిరికివాడు." ఏటా సంక్రాంతికి అందరం చేరినప్పుడు ఆ పేజీ తీసి, పైకి చదివి, కింద తేదీ వేసి సంతకం పెట్టేది. మూడో ఏడు "గొట్టాలు వద్దు" పక్కన "సెలైన్ ఫర్వాలేదు" అని చేర్చింది. నాలుగో ఏడు మళ్లీ కొట్టేసింది. పేజీ కింద అయిదు తేదీలు ఉన్నాయి. అయిదో సంతకం వంకరగా ఉంది. ఆ వేసవిలో మంచం వరండాలో, తులసికోట ఎదురుగానే వేశాం.